ఐసు మీద గాలం, టర్కీ వేట: ముందు ఏది నేర్చుకోవాలి?

మీరడిగింది ఇదీ: "ఈ మధ్యే మిన్నెసోటా వచ్చాం. ఆఫీసులో వాళ్ళంతా చలికాలం ఐస్ ఫిషింగ్ అంటారు, వసంతం రాగానే టర్కీ వేట అంటారు. పార్కుల్లో నడవడం, ఎప్పుడైనా టెంటు వెయ్యడం తప్ప నాకు అలవాటు లేదు. శని, ఆదివారాలు తప్ప తీరిక ఉండదు. నాలాంటివాళ్ళు ఇవి నేర్చుకోవచ్చా? దేనితో మొదలుపెట్టాలి, ఏమేం కొనాలి?"

నేర్చుకోవచ్చు. ముందు ఐసు, అంటే గడ్డకట్టిన సరస్సుకి కన్నం తవ్వి గాలం వెయ్యడం, తర్వాత అడవి టర్కీ కోడి, అన్నిటికన్నా ఆఖర్న తుపాకీ. కొనడం గురించి అడిగారు కాబట్టి అదీ చెప్పేస్తాను. మొదటి ఏడాది లైసెన్సు, మంచి బూట్లు, ఐసు మీద ప్రాణం కాపాడే ఒకటి రెండు వస్తువులు, ఇవి తప్ప ఏమీ కొనకండి. ఈ రెండు విద్యలూ షాపులో దొరకవు, వీడియోల్లోనూ దొరకవు. తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే వస్తాయి. మాది పశ్చిమ గోదావరి. మా నాన్న కాలవగట్టు మీద నాకు గాలం నేర్పింది అలాగే. వానపాము గుచ్చడం చూపించారు, బెండు ఎంత ఎత్తున కట్టాలో చూపించారు, ఆ తర్వాత పొద్దు వాలేదాకా పెద్దగా మాట్లాడలేదు. పదేళ్ళకు పైగా ఇక్కడ ఉంటున్నాను, ఇక్కడ కూడా ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

ఐసు ముందు అని ఎందుకంటున్నానంటే, అక్కడ కదలొచ్చు, మాట్లాడొచ్చు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, చలెక్కువైతే ఇంటికి వచ్చేయొచ్చు. వేసవిలో సరస్సు బోటున్నవాళ్ళది. జనవరిలో నడవగలిగిన అందరిదీ. ఐదు గాలన్ల బకెట్టులో సామానంతా పట్టేస్తుంది, అక్కడికెళ్ళాక దాన్నే బోర్లించి కూర్చోవచ్చు. కన్నం తవ్వడానికి ఆరంగుళాల చేతి ఆగర్, పొట్టి రాడ్లు రెండు, జిగ్గులనే బరువు తల ఉన్న చిన్న గాలపు ముళ్ళు, వాటికి ఎరగా గుచ్చే వ్యాక్స్‌వార్మ్ పురుగులు ఒక డబ్బా ఉంటే చాలు. ఇవి కూడా మొదట్లో ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. మిన్నెసోటాలో ఎండాకాలం మనిషికి ఒక్క గాలమే, ఐసు మీద రెండు వెయ్యొచ్చు. ఒకటి చేత్తో ఆడిస్తూ, రెండో కన్నంలో బెండు కట్టి మిన్నోని, అంటే ఎరకి వాడే చిన్న చేపని, వదిలేయండి.

ఇక్కడి సరస్సు చేపల్లో మొదట పట్టాల్సింది వాలై కాదు, క్రాపీ, బ్లూగిల్. అందరూ వాలై గురించే చెబుతారు కానీ దానికి చీకట్లో వెళ్ళాలి, లోతు తెలియాలి, సీజను కూడా ఫిబ్రవరి చివర్లో మూసేస్తారు. క్రాపీకి అలా సీజను మూసెయ్యడం లేదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. క్రాపీ పైకి చూస్తూ తినే చేప. ఎర దాని కిందికి దిగిపోతే అది చూడను కూడా చూడదు. అందుకే అడుగు తగిలించి ఒక రెండడుగులు పైకి లాగండి, కాసేపు ఆగండి, ఇంకొంచెం పైకి లాగండి. కొత్తవాళ్ళు రాడ్డుని తెగ ఊపుతారు. ఊపడం మానేసిన క్షణంలోనే చేప నోరు తెరుస్తుంది. నేను చూసినంతలో ఇది తప్పిందే లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఇక్కడి మనుషులు సూపర్‌మార్కెట్లో చిరునవ్వుతో సరిపెడతారు గానీ ఐసు మీద పక్క కన్నం దగ్గరికి నడిచొచ్చి "ఏమైనా పడుతున్నాయా?" అంటారు. మీకేం పడకపోతే తమ దగ్గరున్న జిగ్గు తీసి చేతిలో పెడతారు. ఈ రాష్ట్రంలో నాకున్న నిజమైన స్నేహాల్లో సగం ఆ కన్నాల దగ్గర మొదలైనవే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పాట్‌లక్కులకీ మాల్‌కీ తిరుగుతూ "ఈ చలిరాజ్యంలో ఏముంది" అని వాట్సాప్ గ్రూపుల్లో వాపోయే మనవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఉన్నదంతా తలుపు అవతలే ఉంది. ఒక్క సాయంత్రం రమ్మంటే రారు.

ఐసు మందం విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు, మీ చేతిలో గునపాన్నే నమ్మండి. స్పడ్ బార్ అని అమ్ముతారు, బరువైన ఇనుప గునపమే. నడుస్తూ ముందుకి పొడుచుకుంటూ వెళ్ళాలి. రాష్ట్ర సహజవనరుల శాఖ డీఎన్ఆర్ చెప్పే లెక్క ఇది: 4 అంగుళాలకు తక్కువుంటే అడుగే పెట్టొద్దు, 4 ఉంటే నడవొచ్చు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7 కావాలి, చిన్న కారుకి 9 నుంచి 10, పికప్ ట్రక్కుకి 13. ఇదంతా గాజులా కనబడే గట్టి కొత్త ఐసుకి. స్నో కలిసి తెల్లగా గడ్డకట్టినదానికి బలం సగమే, అంటే మందం రెట్టింపుండాలి. ఒకే సరస్సులో ఇక్కడ పదంగుళాలుండి, అక్కడ వాగు కలిసే చోట మూడే ఉండొచ్చు. వంతెనల కింద, ఊటల దగ్గర, బాతులు గుమిగూడే చోట జాగ్రత్త. మెడలో ఐస్ పిక్కులు వేసుకోండి, లోపల పడితే వాటిని ఐసులో గుచ్చి పైకి పాకాలి. ఇందాక కొనమన్న ఒకటి రెండు వస్తువులు ఇవే, గునపమూ పిక్కులూ. 2023 డిసెంబరు చివర్లో అప్పర్ రెడ్ లేక్‌లో ఐసు పలక విడిపోయి కొట్టుకుపోతే వందమందికి పైగా దాని మీద చిక్కుకుపోయారు, సహాయక బృందాలు వచ్చి ఒడ్డుకి చేర్చాయి. ఆ చలికాలం అసలు చలే లేదు. క్యాలెండర్ చూసి కాదు, కన్నం తవ్వి చూసి దిగాలి. టెంటులో ప్రొపేన్ హీటరు పెడితే గాలి కిటికీ తెరిచే ఉంచండి. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

సోనార్ల గురించి నా కోపం కూడా చెప్పుకోనివ్వండి. చేప ఎటు తిరుగుతోందో టీవీలో చూపించినట్టు చూపించే యంత్రాలు వచ్చేశాయి, వేల డాలర్లు. వారమంతా తెర చూసి, శనివారం సరస్సు నడిమధ్యకి వచ్చి మళ్ళీ తెరే చూస్తున్నారు. అవి చేపలకీ మంచివి కావు, నేర్చుకునే మనిషికీ మంచివి కావు. దారానికి తగిలే చిన్న అదురు చేతికి తెలియడానికి ఒక కాలం పడుతుంది, ఆ కాలాన్ని ఆ యంత్రం మింగేస్తుంది. అలవాటయ్యాక కావాలంటే మామూలు ఫ్లాషర్, అంటే లోతునీ చేపనీ రంగు గీతలుగా మాత్రమే చూపించే చిన్న సోనార్, కొనుక్కోండి.

ఇంకో కోపం ఈల్‌పౌట్ గురించి. బర్బాట్ అని పుస్తకాల్లో పేరు, కాడ్ జాతిలో మంచినీళ్ళలో బతికే చేప, నడి చలికాలంలో రాత్రిపూట బాగా తిరుగుతుంది. చూడ్డానికి జారుతూ పాములా ఉంటుందని ఇక్కడ చాలామంది దాన్ని ఐసు మీద పారేసి పోతారు. తినే చేపని అలా పారేయడం తప్పు, చట్టం కూడా ఒప్పుకోదు. కొర్రమీను తిన్న నోటికి దాని విలువ తెలుస్తుంది. ముక్క విడిపోదు, చింతపండు పులుసులో రెండో రోజుకి ఇంకా బాగుంటుంది. పులుసుకి మిన్నెసోటాలో దీన్ని మించిన చేప లేదు. ఎవరైనా పారేయబోతుంటే అడిగి తెచ్చుకోండి.

ఇక టర్కీ. ఇది పూర్తిగా వేరే లోకం. ఐసు మీద మీరు మాట్లాడొచ్చు, ఇక్కడ ముక్కు కూడా గోక్కోకూడదు. టర్కీకి వాసన అంతగా తెలియదు కానీ చూపు మహా తీక్షణం, తల కొంచెం తిప్పితే చుట్టూ అంతా కనబడుతుంది, రంగులు తెలుస్తాయి. అందుకే ముఖానికి కూడా ముసుగు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు ఒంటిమీద, లోపలి చొక్కాతో సహా, ఉండకూడదు. పుంజు తల రంగులు అవే. ఇంకో వేటగాడి కంటికి మీరు పుంజులా కనబడితే అంతే సంగతులు. వసంతంలో రొమ్ము మీద కుచ్చు వేలాడే పక్షినే కొట్టాలి, దాదాపు అన్నీ పుంజులే ఉంటాయి. పెట్టల జోలికి పోకూడదు.

మొదటి వసంతం తుపాకీ లేకుండా వెళ్ళండని నేను గట్టిగా చెబుతాను. నేనూ అలాగే వెళ్ళాను. చెట్టు మీద ఎక్కడ పడుకుంటాయి, ఎటు దిగుతాయి, పెట్ట మామూలుగా పిలిచే పిలుపేది, ప్రమాదం పసిగట్టి "పుట్" మని అరిచేదేది, ఇవన్నీ చేతిలో తుపాకీ ఉన్నప్పుడు చెవికెక్కవు. ఆ తర్వాతి మే నెలలో జరిగిన ఒక ఉదయం గురించి చెబితే నేననేది మీకు తెలుస్తుంది.

హ్యూస్టన్ కౌంటీలో కాలెడోనియా దగ్గర, మా టీములో ఒకావిడ నాన్నగారి పొలం. జీవితమంతా పాడి చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ మూల చూస్తే మిన్నెసోటా అనిపించదు. హిమానీనదాలు చదును చెయ్యకుండా వదిలేసిన నేల, నిటారు కొండలు, ఓక్ చెట్లు, లోయల్లో చల్లటి వాగులు. ఆయన కుర్రతనంలో ఆ కొండల్లో ఒక్క టర్కీ లేదు. అడవులు నరికి, అదుపు లేకుండా వేటాడి ఎప్పుడో తుడిచిపెట్టేశారు. 1973లో మిస్సోరి నుంచి 29 పక్షుల్ని తెచ్చి ఆ కౌంటీలోనే వదిలారు. 1978లో మొదటి సీజను తెరిచారు. ఇప్పుడు ఆ ఊరు తానే మిన్నెసోటా టర్కీ రాజధానినని చెప్పుకుంటుంది. ఆయన ఇదంతా కాఫీ తాగుతూ వంటింట్లో చెప్పారు, టైము ఇంకా నాలుగు కాలేదు.

లైటు వెయ్యకుండా పొలం బాట వెంట ఎక్కాం. భుజాలకన్నా వెడల్పున్న ఓక్ చెట్టుకి వీపు ఆనించి నన్ను కూర్చోబెట్టి, పక్క చెట్టుకి ఆయన కూర్చున్నారు. వెనక నుంచి ఎవరైనా పొరపాటున కాల్చినా చెట్టు అడ్డం ఉండాలని ఆ వెడల్పు. గుడ్లగూబ కూసింది. దాని మీదకి, ఎదురు కొండ వాలున, గాబుల్! చెట్టు మీదున్న పుంజు. ఇంకొకటి. ఆయన కాల్ మీద, అంటే పెట్ట గొంతుని అనుకరించే పలక లాంటి దాని మీద, పుల్లతో మెత్తగా మూడు పిలుపులు గీసి ఆపేశారు. పుంజు వెంటనే బదులిచ్చింది. నాకు మళ్ళీ పిలిస్తే బాగుండుననిపించింది. ఆయన పిలవలేదు. కాసేపటికి రెక్కల చప్పుడు, కిందికి దిగుతున్నాయి. పెట్టలు దిగాయి, పుంజు వాటి వెనకాల లోయలోకి పోయింది. గాబుల్ దూరమవుతోంది.

లేచి వెనకాలే వెళదామని నేను కాళ్ళు కూడదీసుకుంటుంటే ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది. "కదలకు. ఆ కూత పుంజుదో, పుంజుని పిలుస్తున్న మనిషిదో నీకు తెలియదు" అన్నారు. కూత వినబడినవైపు పాక్కుంటూ వెళ్ళడం ఈ వేటలో మనుషులు మనుషుల్ని కాల్చుకోవడానికి ఒక పెద్ద కారణం. ఈ ఒక్క మాట కోసమైనా మీరు తెలిసినవాళ్ళతో వెళ్ళాలి.

ఏడైంది, ఎనిమిదైంది. ఒక పెట్ట మా ముందు నుంచి ఆకులు గీరుకుంటూ వెళ్ళింది, కన్ను రెప్ప కూడా కనబడేంత దగ్గరగా. తొమ్మిదిన్నర దాటాక ఆయన గొంతు తగ్గించి "ఇప్పుడు పెట్టలు గుడ్లు పెట్టడానికి వెళ్ళిపోతాయి, పుంజు ఒంటరి అవుతుంది" అన్నారు. ఒకసారి పిలిచారు. లోయ అవతల నుంచి బదులు వచ్చింది. మళ్ళీ పిలిచారు, ఈసారి పుంజు బదులు దగ్గర్లో వినబడింది. ఆ తర్వాత మా ముందు ముళ్ళకంచె అవతల, వందగజాల లోపు ఎక్కడో ఆగిపోయింది. కూస్తోంది, రావట్లేదు. వాటి లోకంలో పెట్టే పుంజు దగ్గరికి నడిచి రావాలి, అందుకని అది అక్కడే నిలబడి పిలుస్తోంది. నాలాంటి కొత్తవాడు అక్కడ ఇంకా గట్టిగా పిలుస్తాడు. ఆయన కాల్ తీసి జేబులో పెట్టేసుకున్నారు. చేత్తో పక్కనున్న ఎండాకుల్ని రెండుసార్లు గీరారు, పెట్ట మేత వెతుక్కుంటున్న చప్పుడు. ఇక అంతే, పూర్తి మౌనం.

ఎంతసేపో చెప్పలేను. చేతులు తిమ్మిరెక్కాయి. ముందు చప్పుడు రాలేదు, ఛాతీలో ఒక అదురు తెలిసింది, పక్క వీధిలో లారీ ఇంజను ఆపకుండా వదిలేసినట్టు. పుంజు ఒళ్ళు విరుచుకుని డ్రమ్మింగ్ చేసే చప్పుడు అది, చెవికన్నా ఒంటికే ముందు తెలుస్తుంది. కంచె సందులోంచి తల బయటికొచ్చింది. నెత్తి తెలుపు, ముఖం నీలం, మెడ కింద ఎర్రటి కాయలు. తోక విప్పి, రెక్కలు నేలకి రాస్తూ అడుగడుగూ ఆగుతూ వచ్చింది. భీమవరం వైపు పెరిగినవాడిని, సంక్రాంతి పుంజుల్ని చిన్నప్పటి నుంచీ చూసినవాడిని, ఇంత నిండుగా నడిచే పక్షిని ఎన్నడూ చూడలేదు. అది చెట్టు చాటుకి వెళ్ళినప్పుడు తుపాకీ పైకెత్తాను. ముప్పై గజాల్లో మెడ చాచి పెట్ట కోసం చూసింది. నలభై దాటితే కాల్చకూడదని ముందే ఒట్టు పెట్టించుకున్నారాయన. గురి తల, మెడ మాత్రమే. కాల్చాను. అక్కడికక్కడే పోయింది, కొట్టుకోలేదు.

ఆయన టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చుని దాని రెక్క సర్దారు. తొమ్మిది కిలోల పైనే ఉంది. కాళ్ళకి అంగుళం ముళ్ళు. ఈకలు ఎండలో రాగి, ఆకుపచ్చ, ఊదా. నాకు సంతోషంతో పాటు గొంతులో ఏదో అడ్డం పడింది, దానికి ఆయన "ఉండాలి, అది పోయిన రోజు మానెయ్యి" అన్నారు. ట్యాగు కట్టాం, సాయంత్రం లోపు ఫోనులో నమోదు చేశాం. ఇరవైనాలుగు గంటల్లోపు నమోదు తప్పనిసరి.

మన చుట్టాల్లో కొందరు "పాపం కదా" అంటారు. శాకాహారులంటే నేను తల వంచుతాను. వారానికి మూడుసార్లు కోడి పలావు వండుకునేవాళ్ళంటే ఒప్పుకోను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటంటే నేరమే, ఆ చట్టం అక్కడికి అవసరం కూడా. ఇక్కడ పద్ధతి వేరు. 1937 పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వేసే పన్ను, వేటగాళ్ళు కట్టే లైసెన్సు డబ్బు ముఖ్యంగా వన్యప్రాణుల కోసం ఖర్చవుతాయి. ఆ కొండల్లోకి టర్కీలు తిరిగి రావడం వెనకున్నది ఆ ఏర్పాటే. కాబట్టి లైసెన్సు లేకుండా వెళ్ళేవాడిని నేను వేటగాడిగా లెక్కించను.

కాగితాల సంగతి మనవాళ్ళు ఎవరూ సరిగ్గా చెప్పరు. 1979 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకి మిన్నెసోటాలో తుపాకీ వేట లైసెన్సు కావాలంటే ఫైర్‌ఆర్మ్స్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. అది లేనివాళ్ళు లైసెన్సున్న పెద్దమనిషి వెంట వెళ్ళడానికి అప్రెంటిస్ పద్ధతి ఉంది. ఇంకా ముఖ్యం, హెచ్‌1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డంకి లేదు. మీరు వీసా మీద ఉంటే ముందు వకీలుని అడగండి, లేదా విల్లుతో మొదలుపెట్టండి. స్నేహితుడి తుపాకీ సరదాకి పట్టుకుని ఫొటో దిగడం మాత్రం వద్దు.

వండుకోవడం: రొమ్ము మాంసం పల్చగా కోసి అల్లం వెల్లుల్లి, మిరియాలతో పెద్ద మంట మీద వేపుడు. ఎక్కువసేపు ఉంచితే రంపపు పొట్టే. కాళ్ళలో గట్టి నరాలుంటాయి, వాటిని సన్న సెగ మీద మూడు గంటలు ఉడకనిచ్చి గోంగూర కలపండి. ఆ పెద్దాయనకి ఒక డబ్బా పంపితే, రెండో డబ్బా ఎప్పుడని కూతురి చేత కబురు పెట్టారు.

ఇక మీరు చెయ్యాల్సింది. లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి నెలాఖరుకి ముగుస్తుంది. ఈ డిసెంబరులో చేపల లైసెన్సు తీసుకోండి, ఐసు గట్టిపడ్డాక మీ ఆఫీసులో ఐస్ ఫిషింగ్ గురించి మాట్లాడే మనిషిని "నన్నూ తీసుకెళ్తారా" అని అడగండి. కాదనేవాళ్ళు ఇక్కడ అరుదు. మధ్యాహ్నం మూడింటికల్లా కన్నాలు తవ్వేసి ఉండాలి, చీకటి పడే ముందు గంటే క్రాపీ తింటుంది. కాటన్ సాక్సులు వద్దు, ఉన్నివి వేసుకోండి. ఏప్రిల్ మధ్యలో టర్కీ సీజను తెరుస్తారు, మే నెలాఖరు దాకా ఉంటుంది. ఈసారికి తుపాకీ లేకుండా, చెవులతో వెళ్ళండి. మీరే ఊళ్ళో ఉంటున్నారో కింద రాస్తే దగ్గర్లో ఏ సరస్సు మంచిదో చెబుతాను.